చూపుకు అందిన అక్షరం చేతికి అందదేల?

ప్రత్యేక సంచికకు శాస్త్ర విషయం మీద ఏదైనా వ్యాసం వ్రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, చంద్రయానాన్ని గూర్చి వ్రాద్దామా, కృత్రిమ మేధను గూర్చి వ్రాద్దామా అని కొంత తర్జనభర్జన పడ్డాను. రెండూ పెద్ద విషయాలే. వాటిని గూర్చి పెద్దలెందరో వ్రాస్తున్నారు. అందుచేత నిత్యం మనందరి చేతుల్లో నలుగుతూ, మనలో చాలామంది లోపలికి తొంగి చూడని ఒక చిన్న వస్తువును ఎన్నుకున్నాను. అదే పి.డి.ఎఫ్. ఫైలు.

హాల్ టికెట్టు పి.డి.ఎఫ్. మార్కుల జాబితా పి.డి.ఎఫ్. లెక్చరరుగారు సెల్‌ఫోనుకు పంపే నోట్సు పి.డి.ఎఫ్. ఇంట్లో నాన్నగారికి కావలసిన అడంగలు, 1బి కూడా పి.డి.ఎఫ్. సాయంత్రం వేళల్లో నేను కొత్తపేటలో మా మేనమామగారి జిరాక్సు కొట్టులో కూర్చుంటాను. అక్కడకు వచ్చేవారి కోరికలు మూడే మూడు. "ఇది తెరిచి చూపించు బాబూ" అనేది ఒకటి. "ఇది ప్రింటు తియ్యి" అనేది రెండోది. "ఇందులో ఈ నాలుగు ముక్కలూ కాపీ చేసి నా అర్జీలో పెట్టు" అనేది మూడోది. మొదటి రెండూ క్షణంలో అయిపోతాయి. మూడోదాంట్లో, ఫైలు తెలుగుదైతే, తరచు చిక్కు వస్తుంది. ఆ చిక్కు ఎందువల్ల వస్తుంది, దానివల్ల ఎవరు నష్టపోతారు, మన వంతుగా ఏం చేయగలం అన్నదే ఈ వ్యాస విషయం.

నకలు రెండు విధాలు

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకుంటే తక్కినదంతా తేలికగా అర్థమవుతుంది. నకలు అనేది రెండు విధాలు. ఒకటి రూపానికి నకలు, రెండోది మాటకు నకలు.

పూర్వం తాటాకుల మీద గంటంతో ప్రతులు వ్రాసే వ్రాయసకాడు తల్లిప్రతిని చదివి, తెలుసుకుని, మళ్ళీ వ్రాసేవాడు. అక్షరం వంపు తన చేతి వంపే అయినా మాట మాత్రం తల్లిప్రతిలోని మాటే. అంటే అతను తీసింది మాటకు నకలు. జిరాక్సు యంత్రం పని వేరు. 1938లో చెస్టర్ కార్ల్‌సన్ అనే అమెరికా దేశస్థుడు కనిపెట్టిన పద్ధతి మీద 1959లో మొదటి ఆఫీసు జిరాక్సు యంత్రం బజారులోకి వచ్చింది. దానికి తెలుగు రాదు, ఇంగ్లీషూ రాదు. నల్లగా ఉన్నచోట నలుపు, తెల్లగా ఉన్నచోట తెలుపు వేసుకుంటూ పోతుంది. అది రూపానికి నకలు.

పి.డి.ఎఫ్. ఫైలు ఈ రెండింటిలో దేనికైనా పనికివస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. తెర మీద చూస్తే రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. లోపల మాట ఉందా, రూపం మాత్రమే ఉందా అన్నది పైకి తెలియదు.

ఫైలు పుట్టుక

ఒక కంప్యూటరులో తయారుచేసిన కాగితం మరో కంప్యూటరులో తెరిస్తే పంక్తులు చెదిరిపోవటం, అక్షరాలు మారిపోవటం ఒకప్పుడు మామూలే. ఈ బాధకు విరుగుడుగా అమెరికాలోని అడోబీ కంపెనీ స్థాపకులలో ఒకరైన జాన్ వార్నాక్ 1991లో ఒక పథకం వేశారు. దాని పేరు కేమ్‌లాట్. ఆ పథకం నుంచి 1993లో పి.డి.ఎఫ్. పుట్టింది. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణ సంస్థ వారి ప్రమాణమైంది. కనుక ఇప్పుడు అది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు.

దాని ఆశయం సులభంగా చెప్పుకోవచ్చు. రావులపాలెంలో లారీకెక్కిన అరటిగెల ఎన్ని ఊళ్ళు దాటినా ఒక్క హస్తమూ ఊడకుండా దిగాలి. అలాగే ఇక్కడ కట్టిన పుట ఏ దేశంలో విప్పినా ఇలాగే ఉండాలి. అందుకోసం ఫైలు లోపల "ఈ పుటలో, ఎడమ నుంచి ఇంత దూరంలో, కింది నుంచి ఇంత ఎత్తులో, ఈ ఆకారం వేయి" అని వరసగా ఆజ్ఞలు ఉంటాయి. ఆ ఆకారాల అచ్చులను, అనగా ఫాంటును కూడా, సాధారణంగా ఫైలులోనే కట్టి పంపుతారు. గమనించండి. ఆజ్ఞ "ఈ మాట వ్రాయి" అని కాదు, "ఈ ఆకారం వేయి" అని. ఈ తేడా ముందు ముందు మనకు అవసరపడుతుంది.

చూడటం

చూడటంలో ఏముందండీ, వేలితో తాకితే తెరుచుకుంటుంది కదా అనవచ్చు. కొంత ఉంది.

మొదటిది, ఆన్‌లైనులో చూడటం వేరు, దింపుకుని దాచుకోవటం వేరు. 2022 మే నెలలో అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో చాలా రోజులు ఇంటర్నెట్టు నిలిపివేశారు. ఫైళ్ళు దింపుకుని ఉంచుకున్నవారికి అవి చేతిలోనే ఉన్నాయి. వెబ్‌సైటులో ఉన్నాయిలే అనుకున్నవారికి లేనట్టే అయింది. కనుక ముఖ్యమైన ఫైలును ఫోనులో ఒకచోట, పెన్‌డ్రైవులో మరోచోట దింపి ఉంచుకోవటం మంచిది.

రెండోది తాళం. పి.డి.ఎఫ్.కు రెండు రకాల తాళాలు ఉంటాయి. ఒకటి తెరవటానికి, రెండోది ప్రింటు, కాపీ, మార్పులు చేయనివ్వకుండా ఆపటానికి. ఆధార్ ఫైలు తెరుచుకోలేదని కొట్టుకు వచ్చేవారు చాలామంది. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెద్దబడిలోను, వెంటనే పుట్టిన సంవత్సరం నాలుగు అంకెలూ కొడితే అది తెరుచుకుంటుంది.

మూడోది, లోపల ఉన్నది అక్షరమా ఫోటోనా అని పోల్చుకోవటం. ఇది కంటితోనే చేయవచ్చు. పుటను బాగా పెద్దది చేసి చూడండి. అక్షరం అంచు ఎంత పెంచినా నున్నగా ఉంటే అది ఆకారంగా ఉన్న అక్షరం. పెంచేకొద్దీ అంచులు మెట్లు మెట్లుగా, చుక్కలుగా విడిపోతే అది ఫోటో. అంటే ఎవరో కాగితాన్ని స్కాను చేసి పి.డి.ఎఫ్. అనే సంచిలో పెట్టారన్నమాట.

ప్రింటు తీయటం

ప్రింటు దగ్గర తరచు వచ్చే తగువు కొలతల గూర్చి. ఎ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. లీగల్ కాగితం 216, 356. లీగల్ కొలతకు తయారైన ఫైలును ఎ4 మీద ఉన్నది ఉన్నట్టు తీస్తే కింది నాలుగు పంక్తులూ, సంతకం చోటూ ఎగిరిపోతాయి. ప్రింటు పెట్టెలో కాగితానికి సరిపడా కుదించమని చెప్పే అంశం ఉంటుంది. దానిని ఎన్నుకోవాలి. ఇంజనీరింగు డ్రాయింగులూ, పొలం పటాలూ మాత్రం కుదించరాదు. కుదిస్తే స్కేలు తప్పుతుంది.

కొన్ని ఫైళ్ళలో తెలుగు అక్షరాల బదులు చిన్న చిన్న డబ్బాలు వస్తాయి. ఫైలు కట్టినవారు ఫాంటును కూడా కట్టకపోతే ఇలా జరుగుతుంది. తెర మీద సరిగానే ఉండి కాగితం మీద మాత్రం అక్షరాలు చెడితే, "బొమ్మగా ప్రింటు చేయి" అనే ఏర్పాటు కొన్ని సాఫ్ట్‌వేరులలో ఉంది. అది పుటనంతా ఒక చిత్రంగా మార్చి ప్రింటరుకు పంపుతుంది.

చిన్న పుస్తకంలా మడిచి కుట్టదలిస్తే పుటల సంఖ్య నాలుగుతో భాగింపబడాలి. ఒక కాగితానికి రెండు వైపులా కలిపి నాలుగు పుటలు గదా. మన విద్యార్థి మిత్రులు తమ ప్రాజెక్టు రిపోర్టుల దగ్గర ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే సగం కాగితం మిగులుతుంది.

ఇక ప్రింటులోకి రానిది ఒకటుంది. ఆధార్ వంటి ఫైళ్ళ మీద డిజిటలు సంతకం ఉంటుంది. ఆ పక్కన ప్రశ్నార్థకం గుర్తు చూసి కంగారు పడేవారున్నారు. సంతకాన్ని ఆ కంప్యూటరు ఇంకా సరిచూడలేదని మాత్రమే దాని అర్థం. సరిచూసిన తరువాత పచ్చని టిక్కు గుర్తు వస్తుంది. ఆ పరీక్ష ఫైలులోనే సాధ్యం. కాగితం మీద పడిన టిక్కు గుర్తు వట్టి బొమ్మ. దానిని ఎవరూ సరిచూడలేరు. కనుక ప్రింటు తీసుకున్నాం గదా అని ఫైలు చెరిపివేయకండి.

కాపీ చేయటం

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఇంగ్లీషు ఫైలులో ఒక పేరా మీద మౌసు లాగి కాపీ చేసి, మరోచోట పెడితే చక్కగా వస్తుంది. అదే తెలుగు ఫైలులో చేస్తే చాలాసార్లు ఇంగ్లీషు అక్షరాలూ, డాలరు గుర్తులూ, నెత్తిన చుక్కలున్న పరదేశపు అక్షరాలూ కలగాపులగంగా వచ్చి పడతాయి. తెర మీద మాత్రం ముత్యాల్లాంటి తెలుగు! "ఏంటి బాబూ, మిషను పాడైందా?" అని అడుగుతారు. మిషను బాగానే ఉందండి. దీనికి రెండు కారణాలున్నాయి.

మొదటి కారణం పాత ఫాంటులు. కంప్యూటరుకు అక్షరం అంటే అంకె. ఇంగ్లీషు పెద్దబడి మొదటి అక్షరం 65. తెలుగు అచ్చుపని కంప్యూటరు మీదకు వచ్చిన తొలి రోజుల్లో తెలుగుకంటూ అందరూ ఒప్పుకున్న అంకెలు వాడుకలో లేవు. ఒక ఫాంటులో ఉన్నవే 256 గళ్ళు. తయారీదారులు ఆ గళ్ళలో ఇంగ్లీషు ఆకారాలు తీసివేసి తెలుగు ముక్కలు కూర్చారు. తలకట్టు ఒక గడిలో, గుడి ఒక గడిలో, వత్తు ఒక గడిలో పెట్టారు. ఎవరి వరస వారిది. ఒకరి ఫాంటులో 'క' ఉన్న గడిలో మరొకరి ఫాంటులో 'మ' ఉండవచ్చు. కంటికి తెలుగు కనిపిస్తుంది, కంప్యూటరు మాత్రం అది ఇంగ్లీషే అనుకుంటుంది. కాపీ చేస్తే తాననుకున్నదే చేతిలో పెడుతుంది. ఇందులో మోసం లేదు. మనం దానికి చెప్పినదే మనకు తిరిగి చెబుతోంది.

దీనికి పరిష్కారం యూనికోడు. ప్రపంచంలోని లిపులన్నిటికీ తలా ఒక అంకె ఇచ్చే ఏర్పాటు ఇది. 1991లో వెలువడిన మొదటి సంపుటంలోనే తెలుగుకు స్థానం దొరికింది. మన లిపికి 128 గళ్ళు కేటాయించారు. అందులో 'అ' 3077, 'క' 3093. ఈ అంకెలు అమలాపురంలోనూ అవే, అమెరికాలోనూ అవే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.తో పాటు గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది. మన నది పేరు పెట్టుకున్న ఆ ఫాంటుతో చాలామంది ఇళ్ళలోని కంప్యూటర్లకు తెలుగు తెలిసింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన2000, వేమన2000 ఫాంటులను తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. వెన్న నాగార్జునగారు పాత ఫాంటుల తెలుగును యూనికోడులోకి మార్చే 'పద్మ' అనే సాధనం చేశారు. ఇటువంటి వారి శ్రమ వల్లనే ఈరోజు మనం ఫోనులో తెలుగు వ్రాసుకుంటున్నాం. అయినా కొన్ని అచ్చు కూర్పు కొట్లలో పాత ఫాంటుల అలవాటు పూర్తిగా పోలేదు. కంటికి అందంగా ఉన్నాయి, చేతికి అలవాటయ్యాయి. వారిని తప్పుపట్టటానికి లేదు. కాగితం మీద అచ్చు పడటమే లక్ష్యమైనంత కాలం ఆ పద్ధతిలో లోపమేమీ లేదు.

రెండో కారణం కాస్త సూక్ష్మమైనది. యూనికోడులో కొట్టిన తెలుగు కూడా పి.డి.ఎఫ్. లోకి వెళ్ళి వచ్చేసరికి ఒక్కొక్కసారి చెదురుతుంది. 'స్త్రీ' అనే మాట తీసుకోండి. చెవికి వినిపించే వరస స, త, ర, ఈ. యూనికోడులో దానిని స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అని ఆరు అంకెలుగా దాస్తారు. కాని కంటికి కనిపించే వరస వేరు. గుడి దీర్ఘం పోయి మొదటి 'స' నెత్తిన కూర్చుంటుంది. కాబట్టి పుట మీద ఉన్నవి మూడు ఆకారాలే. ఒకటి 'సీ', దాని పక్కన తవత్తు, రవత్తు. ఇందాక చెప్పినట్టు పి.డి.ఎఫ్.లో ఉండేది ఆకారాలు వేయమనే ఆజ్ఞ. ఆ ఆకారాల నుంచి తిరిగి అసలు అక్షరాలకు చేరాలంటే, 'ఈ ఆకారానికి ఈ అక్షరాలు' అని చెప్పే ఒక పట్టిక ఫైలులో ఉండాలి. పట్టిక లేకపోతే కాపీలో చెత్త వస్తుంది. పట్టిక ఉన్నా వరస తప్పితే దీర్ఘం ముందుకూ వత్తు వెనక్కూ పోయి మాట విరిగిపోతుంది. ఇంగ్లీషులో సాధారణంగా ఒక అక్షరానికి ఒక ఆకారం కనుక ఈ బాధ దాదాపు లేదు.

మన లిపి ఎంత చిక్కనిదో చెప్పే ఉదాహరణ ఒకటి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒక్క తెలుగు అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీత గుర్తుతో కలిసి సందేశంగా వస్తే చాలు, ఐఫోనులలో ఆ సందేశం చూపే కార్యక్రమం కుప్పకూలిపోయేది. ఆపిల్ కంపెనీ వారు అదే నెలలో సవరణ పంపి సరిచేశారు. లోకంలో అంత పేరున్న కంపెనీ వారికే మన జ్ఞకారం చెమటలు పట్టించింది!

నష్టపోయేది ఎవరు?

తిరిగి టైపు చేసుకుంటే పోయె, దీనికింత రాద్ధాంతమా అనవచ్చు. నాకూ మొదట్లో అలాగే అనిపించేది. అయితే మా తరగతిలో చూపు లేని సహాధ్యాయి ఒకరున్నారు. ఆయన తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు మీద చదువుకుంటారు. అటువంటి వాటిలో ఎన్.వి.డి.ఎ. అనేది ఉచితంగా దొరుకుతుంది. 2006లో మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు దాని పని మొదలుపెట్టారు. వారిద్దరికీ కూడా చూపు లేదు. అది తెలుగు కూడా పలుకుతుంది. యూనికోడు తెలుగులో ఉన్న పాఠాన్ని మా మిత్రుడు గడగడ వినేస్తారు. పాత ఫాంటులో ఉన్న పి.డి.ఎఫ్. పెడితే ఆ సాఫ్ట్‌వేరు "డాలరు, స్టారు, డాష్" అంటూ వల్లిస్తుంది. స్కాను చేసిన ఫోటో పెడితే అసలు నోరే మెదపదు. మనకు ఉన్న పుట ఆయనకు తెల్ల కాగితం. పరీక్ష మాత్రం ఇద్దరికీ ఒకటే. పాఠాలు ఆయనకు అందాలంటే ఎవరో ఒకరు పక్కన కూర్చుని చదివి పెట్టాలి. ఒకసారి ఆయన, "మీరు నాకు చదివి పెట్టటం నాకు ఇష్టమేనండి, కాని చదివి పెట్టవలసిన అవసరం రావటం ఇష్టం లేదు" అన్నారు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. సమాచారం వారికి అందే రూపంలో ఉండాలని అందులో ఉంది. చట్టం ఉన్నా ఫైలు తయారుచేసే చేతికి ఆ సంగతి తెలియకపోతే ప్రయోజనమేమిటి?

రెండో నష్టం వెతకటం దగ్గర. ఒక వ్యక్తి పేరు, ఒక ఊరి పేరు 400 పుటల ఫైలులో ఎక్కడుందో ఒక్క క్షణంలో తెలుసుకోవచ్చు. అయితే లోపల మాట ఉండాలి. రూపమే ఉంటే మళ్ళీ పాతకాలంలోలా పుటలు తిరగవేయవలసిందే. మన తెలుగువారైన రాజ్ రెడ్డిగారు, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన బాలకృష్ణన్‌గారు మొదలైన పెద్దల పూనికతో డిజిటలు లైబ్రరీ ఆఫ్ ఇండియా ఏర్పడి, వేలాది పాత తెలుగు పుస్తకాలు స్కానింగు పొందాయి. వాటిలో ఎన్నో ఇప్పుడు ఇంటర్నెట్టు ఆర్కైవులో ఉన్నాయి. అది ఎంత మహోపకారమో చెప్పలేము. కాని అవి ముఖ్యంగా ఫోటోలు. వాటిని మాటలుగా మార్చే పని తెలుగు వికీసోర్సులో స్వచ్ఛంద సేవకులు పుట పుటా చదివి, దిద్దుతూ చేస్తున్నారు. ఆసక్తి ఉన్న విద్యార్థులు ఎవరైనా అందులో చేరవచ్చు. ఫీజు లేదు, ప్రవేశ పరీక్షా లేదు.

మూడో నష్టం మన ప్రాంతానికి ప్రత్యేకం. కోనసీమలో కాగితానికి ఆయుష్షు తక్కువ. ఉప్పుగాలి, చెమ్మ, చెదలు ఎప్పుడూ ఉన్నవే. పైగా 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుఫాను వంటివి వచ్చినప్పుడు మనుషులకూ, కొబ్బరిచెట్లకూ దిక్కులేనప్పుడు బీరువాలో కాగితాల సంగతి ఎవరికి పట్టింది? పాత రికార్డులను ఫైళ్ళుగా చేసి దాచటం ఇక్కడ సోకు కాదు, అవసరం. ఎలాగూ శ్రమపడి దాస్తున్నప్పుడు రూపంతో పాటు మాటను కూడా దాచుకోవద్దా?

కాపీలో దాగిన ప్రమాదం

కాపీ కాకపోవటం ఒక బాధైతే, కాకూడనిది కాపీ కావటం మరో బాధ. ఆధార్ అంకె కనబడకుండా పి.డి.ఎఫ్. మీద నల్లని పెట్టె గీసి ఇతరులకు పంపేవారున్నారు. పెట్టె పైన ఉంటుంది, అంకె కింద అలాగే ఉంటుంది. ఎవరైనా దాని మీద మౌసు లాగి కాపీ చేస్తే అంకె బయటపడుతుంది. 2019 జనవరిలో అమెరికాలో పాల్ మానఫోర్ట్ అనే రాజకీయ ప్రముఖుని న్యాయవాదులు కోర్టుకు ఇచ్చిన కాగితంలో రహస్య భాగాలను ఇలాగే నల్లబరిచారు. పత్రికలవారు వాటిని కాపీ చేసి చదివేశారు. కాబట్టి దాచవలసినది ఉంటే, నల్లబరిచిన పుటను ప్రింటు తీసి తిరిగి స్కాను చేయటం సులభమైన మార్గం. ఇక్కడ మాత్రం రూపానికి నకలే మనకు రక్ష! ఆధార్‌లో అయితే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ప్రతిని ఆ సంస్థవారే ఇస్తున్నారు. దానిని వాడటం ఇంకా మేలు.

చట్టం ఏమంటుంది?

కాపీ చేయగలగటం వేరు, చేయవచ్చునా అన్నది వేరు. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళ వరకు రచన మీద హక్కు ఉంటుంది. ఆ తరువాత అది అందరిదీ. హక్కు ఉన్న కాలంలో కూడా సొంత చదువుకు, పరిశోధనకు, విమర్శకు న్యాయమైన మేరకు వాడుకోవటాన్ని 52వ సెక్షను అనుమతిస్తుంది.

ఈ విషయంలో విద్యార్థులందరూ తెలుసుకోదగిన దావా ఒకటి జరిగింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని ఒక జిరాక్సు కొట్టు మీద, పాఠ్యభాగాలను సంకలనాలుగా తీసి అమ్ముతున్నారని 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి మొదలైన ప్రచురణకర్తలు దావా వేశారు. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు దావాను కొట్టివేసింది. అదే సంవత్సరం డిసెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, బోధనకు అవసరమైన మేరకు అటువంటి నకళ్ళు తీయవచ్చుననే సూత్రాన్ని నిలబెట్టి, కొన్ని అంశాలను తిరిగి విచారణకు పంపింది. 2017లో ప్రచురణకర్తలు దావాను ఉపసంహరించుకున్నారు. దీని అర్థం ఏ పుస్తకాన్నైనా మొత్తంగా ఎత్తి పంచుకోవచ్చునని కాదు. చదువుకు కావలసిన నకలు నేరం కాదని మాత్రమే. బతికి ఉన్న తెలుగు రచయిత పుస్తకాన్ని పి.డి.ఎఫ్. చేసి ఊరంతా పంచితే ఆయన రెండో పుస్తకం వ్రాయటానికి కాగితం కొనుక్కోలేడు. ఇది కూడా మనం ఆలోచించాలి.

మన కర్తవ్యం

ఇక చేయదగినవి నాలుగు ముక్కల్లో మనవి చేస్తాను.

ఒకటి, పరీక్షించండి. తెలుగు పి.డి.ఎఫ్. చేతికి రాగానే అందులో కనిపిస్తున్న ఒక మాటను తెలుగులో టైపు చేసి వెతకండి. దొరికితే లోపల మాట ఉంది. దొరకకపోతే ఒక పంక్తి కాపీ చేసి వేరేచోట పెట్టి చూడండి. చెత్త వస్తే పాత ఫాంటు గాని, తప్పు పట్టిక గాని అయి ఉంటుంది. అసలు పంక్తి ఎంచుకోవటానికే లొంగకపోతే ఫోటో గాని, కాపీకి వేసిన తాళం గాని అయి ఉంటుంది. ఇది అర నిమిషం పని.

రెండు, ఉన్నదాన్ని బాగుచేసుకోండి. ఫోటోలోని తెలుగును చదివి అక్షరాలుగా మార్చే సాధనాలు ఇప్పుడు బాగానే పనిచేస్తున్నాయి. టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుకు తెలుగు వచ్చు. గూగుల్ డ్రైవులో ఫైలు పెట్టి గూగుల్ డాక్సుతో తెరిచినా పని జరుగుతుంది. స్కాను చేసేటప్పుడు అంగుళానికి 300 చుక్కలకు తక్కువ కాకుండా చూసుకోండి. అయితే 'ప'ను 'వ' అని, 'థ'ను 'ధ' అని పొరబడటం వీటికి సహజం. కనుక వ్రాయసకాని ఓపికతో తల్లిప్రతి పక్కన పెట్టుకుని దిద్దాలి. ముఖ్యంగా సర్వే నంబర్లు, మార్కులు, తేదీలు కంటితో సరిచూడనిదే వాడరాదు.

మూడు, కొత్తగా తయారుచేసేదాన్ని సవ్యంగా చేయండి. ప్రాజెక్టు రిపోర్టులు, సెమినారు వ్యాసాలు, సంఘం ప్రకటనలు యూనికోడు తెలుగులోనే కూర్చండి. అందమైన అక్షరాలు లేవనే మాట ఇప్పుడు చెల్లదు. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, గురజాడ వంటి యూనికోడు ఫాంటులు ఎన్నో ఉచితంగా ఉన్నాయి. పి.డి.ఎఫ్. చేసేటప్పుడు టైపు చేసిన ఫైలు నుంచి నేరుగా చేయండి. ప్రింటు తీసి, దానిని ఫోనుతో ఫోటో తీసి, ఆ ఫోటోను పి.డి.ఎఫ్. చేయటమనే చుట్టుతిరుగుడు పని మానండి. బంగారాన్ని ఇత్తడి చేసుకోవటమే అది.

నాలుగు, లెక్చరరుగార్లకూ, పూర్వ విద్యార్థి పెద్దలకూ ఒక విన్నపం. నోట్సు పంపేటప్పుడు పి.డి.ఎఫ్.తో పాటు టైపు చేసిన అసలు ఫైలును కూడా జతపరచండి. చూపు లేని విద్యార్థికి అదే పాఠ్యపుస్తకం. పూర్వ విద్యార్థుల ఇళ్ళలో మన కళాశాల పాత సంచికలు ఉంటే స్కానింగుకు ఇప్పించండి. వాటిలో ఆనాటి విద్యార్థుల తొలి కథలున్నాయి, తొలి పద్యాలున్నాయి, ఆటల పోటీల విజేతల పేర్లున్నాయి. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి కూర్చిన కంపోజిటరు శ్రమ ఉంది. స్కాను చేసే పని నేను చేస్తాను. చదివి దిద్దటానికి తరగతికి ఇద్దరు చొప్పున ముందుకు వస్తే చాలు, వేసవి సెలవుల్లో చాలా సంచికలు పూర్తవుతాయి.

ఈ ప్రత్యేక సంచికను కూడా యూనికోడు తెలుగులోనే కూర్చవలసిందిగా సంపాదక వర్గానికి మనవి చేసుకున్నాను. వారు అంగీకరించారు. దీని పి.డి.ఎఫ్. ప్రతి మీ సెల్‌ఫోనుకు వచ్చినప్పుడు ముందుగా మీ పేరును తెలుగులో కొట్టి వెతకండి. దొరికితే సంతోషించండి. దొరకకపోతే ఏ పుటలో, ఏ పంక్తిలో అన్నది సంఘం కార్యాలయానికి తెలియజేయండి. దిద్ది, మంచి ప్రతిని తిరిగి పంపుతాం.